రెండో పెట్టె

మూడో అంతస్తు, పుస్తకాల గది
వానలు మొదలైన వారం

అక్కా,

నిజంగానే నా వేళ్ళలో బలం లేదా, లేక నువ్వే వెనక్కి వచ్చి నా వాల్యూమ్ తగ్గించేసేదానివా? ఇరవై ఏళ్ళుగా ఈ ప్రశ్న నా దగ్గరే ఉంది. క్లాసులో పిల్లలకు తర్కశాస్త్రం చెబుతూ, "రెండు కారణాలే కనబడుతున్నాయంటే రెండే ఉన్నాయని కాదు, మూడోదాని కోసం వెతకండి" అని బోర్డు మీద రాస్తుంటాను. నా విషయంలో మాత్రం మూడోది ఎప్పుడూ దొరకలేదు. నా తప్పో, నీ తప్పో. కొన్నేళ్ళు నాదనుకున్నాను, కొన్నేళ్ళు నీదనుకున్నాను. ఈ వారం మాత్రం నీదే అనుకుంటున్నాను.

ఫోన్లో అడగొచ్చు కదా అంటావు. మన ఫోన్ల సంగతి నీకు తెలియంది కాదు. ఒకరి మాట పూర్తవకముందే రెండోవాళ్ళం పెట్టేస్తాం. ఉత్తరమైతే చింపేసే ముందు ఒక్కసారైనా చివరిదాకా చదువుతావు.

పళ్ళ డాక్టరమ్మ నాకూ కబురు పెట్టింది. తన యాభయ్యో పుట్టినరోజుకు మన ముగ్గురం ఆఖరిసారి వాయించిన ఆ రేకుల హాల్లోనే మళ్ళీ వాయించాలట. తను డ్రమ్స్, నువ్వు గిటారూ పాటా, నేను బేస్ గిటారు. ముసలితనం వచ్చేలోపు ఒక్కసారి అంది. సరే అన్నాను. అన్న మర్నాడే మాటల్లో మాటగా ఇంకో సంగతి చెప్పింది. "మీ అక్క మా తోటికోడల్ని కూడా రమ్మందే. కీబోర్డు మీద ఎడమచేత్తో బేస్ స్వరాలు కూడా అందుకుంటుందట. ఎందుకైనా మంచిదని."

ఎందుకైనా మంచిదా? ఎవరికి మంచిది? నేను స్టేజీ మీద నిలబడి తీగలు మీటుతుంటే, పక్కన ఇంకొకావిడ ఎడమచెయ్యి నా పని చేసుకుపోతుందన్నమాట. పెళ్ళికూతురి పక్కన ఇంకో పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టినట్టు. ఆ మాట నాతో అనడానికి నీకు నోరు రాలేదు. డాక్టరమ్మ నోట చెప్పించావు.

అందుకని బేస్ మోత పెంచే ఆంప్లిఫయరు, నా ఆంప్ నేనే కొనుక్కోదలిచాను. నిన్న కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, "అబ్బాయి కోసమా మేడమ్?" అన్నాడు.

"నా కోసమే."

"ఇంట్లో నేర్చుకోడానికా?"

"హాల్లో వాయించడానికి."

ఆంప్, స్పీకరు కలిసి ఒకే ఒంట్లో ఉన్న చిన్నదాన్ని తెచ్చి ముందు పెట్టాడు. "ఇదైతే తేలిక మేడమ్. మీరే మోసుకుపోవచ్చు."

"మోయడం గురించి నేను అడగలేదండీ, వినిపించడం గురించి అడిగాను" అన్నాను. నా గొంతుకు నేనే ఉలిక్కిపడ్డాను. ఆయన మీద కోపం కాదని ఆయనకెలా తెలుస్తుంది?

ఆంప్ విడిగా, స్పీకరు పెట్టె విడిగా కొనాలన్నది ఒక్కటే తేల్చుకున్నాను. పెట్టె ఎలాంటిదన్నది తేలడం లేదు. పదంగుళాల స్పీకర్లు నాలుగున్న పెట్టెలో ప్రతి స్వరం విడివిడిగా పలుకుతుంది. పదిహేనంగుళాల ఒంటి స్పీకరు కడుపులోంచి మాట్లాడుతుంది. మన పాత పెట్టెలు రెండూ పదిహేనంగుళాలవే కదా. నువ్వు చేసిన మొదటి పెట్టె నీ దగ్గరుంది, నేను చేసిన రెండోది నా దగ్గరుంది, ఇప్పటికీ దాని మీద నిఘంటువులు పెట్టుకున్నాను. నీ పెట్టె పంపు. కొత్త ఆంప్‌కు ఆ రెండూ తగిలించి విన్నాక కొత్త పెట్టె కొనాలో వద్దో చూస్తాను.

చెల్లి


దుకాణం, కౌంటరు వెనక
ముసురు

పంతులమ్మా,

చదివాను. చివరిదాకా చదివాను. మధ్యలో ఇద్దరు అద్దె మైకుల కోసం వస్తే వాళ్ళను నిలబెట్టి మరీ చదివాను.

ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే. నేను నీ వాల్యూమ్ తగ్గించానా? ఒక చెయ్యి గిటారు మెడ మీద, ఒక చెయ్యి తీగల మీద, మూతి మైకు మీద. వెనక్కొచ్చి నీ నాబ్ తిప్పడానికి నాకేమన్నా మూడో చెయ్యి మొలిచిందా? చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

నాకు తెలిసింది చెబుతా విను. ఒకే పెట్టె ఉన్న రోజుల్లో, నేను చేసిన పెట్టె, నువ్వు కింది తీగ మీటితే హాలు రేకులు గలగలలాడేవి. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు కుర్చీలు పట్టుకునేవాళ్ళు. పెద్ద హాళ్ళు రావడం మొదలయ్యాక రెండో పెట్టె వచ్చింది. అప్పుడే నీకు యూనివర్సిటీ సీటూ వచ్చింది. అంతే, నువ్వు మాయం. ప్రాక్టీసుకు ఆలస్యంగా వచ్చేదానివి, సంచీలో పుస్తకాలు, వేళ్ళకు సిరా. పెట్టెలు రెండయ్యాయి, మోత సగం కూడా లేదు. పెట్టెలు పెరిగి మోత తగ్గిందంటే తప్పు పెట్టెదా, మనిషిదా? నువ్వే చెప్పు, తర్కం చెప్పేదానివి.

ఆఖరిసారి హాల్లో ఆ సభ పెద్దమనిషి అన్న మాట నీకు గుర్తుందిగా. "పాడినమ్మాయీ డ్రమ్ములమ్మాయీ బాగా చేశారు. ఆ మూడో అమ్మాయి ఊరికే ఎందుకు నిలబడిందమ్మా?" తిరిగొస్తూ వ్యాన్లో నేను అన్నదీ గుర్తుండే ఉంటుంది. "నీ వేళ్ళు పేజీలు తిప్పడానికే పనికొస్తాయి." అన్నాను. ఇప్పుడూ అంటాను. నువ్వు మర్నాడు బేస్‌ను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టావు, నేను పెట్టమన్లేదు.

డాక్టరమ్మ తోటికోడలు మంచి మనిషి. చేతిలో పనుంది. ఆవిడ వస్తుంది.

ఇక ఆంప్ కొంటావో మానతావో నీ ఇష్టం. కొంటే మటుకు వంద వాట్లది కొని నా పరువు తియ్యకు. గిటారుకు యాభై చాలు, బేస్‌కు మూడొందలైనా ఉండాలి. కింది స్వరం కరెంటు తాగుతుంది. ఓమ్‌లు చూసుకో, అంటే కరెంటుకు పెట్టె పెట్టే అడ్డు. మన పెట్టెలు ఒక్కోటీ ఎనిమిది, రెండూ తగిలిస్తే అడ్డు సగానికి తగ్గి నాలుగవుతుంది. నాలుగు తట్టుకునే ఆంప్ కాకపోతే కాలి కూర్చుంటుంది.

నా పెట్టె పంపను. దాని మీద కూర్చునే తీగలకు సోల్డరింగ్ చేస్తాను. నడుముకు సరిగ్గా సరిపోయింది.

అక్క


మూడో అంతస్తు
అదే ముసురు

అక్కా,

పనికిరాని వేళ్ళదానికి మూడొందల వాట్లు ఎందుకట?

నీ ఉత్తరం స్టాఫ్ రూములోనే చదివాను. పక్క సీటు చరిత్ర మేడమ్ "ఒంట్లో బాలేదా?" అంది. బాగానే ఉందన్నాను. నలభై దాటిన మనిషిని, పరీక్ష పేపర్లు దిద్దుతూ, ఎప్పుడో వ్యాన్లో అన్న మాటకు ఏడుస్తున్నానని ఆవిడకెలా చెప్పను?

కానీ ఒకటి చెబుతాను. నాకు వినిపించేది. ఆఖరిసారి కూడా వినిపించింది. నా పెట్టె ముందు నిలబడేదాన్ని కదా, పాదాల కింద చెక్క అదిరేది, పిక్కల దాకా తెలిసేది. మీరందరూ వినిపించలేదంటే, నాకు వినిపించింది నేను ఊహించుకున్నానేమో అనుకున్నాను. ఆ తరవాత నాకు ఎన్నో విషయాల్లో అదే అలవాటైంది. నాకు స్పష్టంగా తెలిసిందాన్ని కూడా నలుగురు కాదంటే నమ్మడం మానేస్తాను. పీహెచ్‌డీలో గైడ్ ముందు అలాగే చేశాను. ఇంకొన్ని చోట్లా చేశాను, అవి నీకు రాయను.

ఆ రెండో పెట్టె ఎలా తయారైందో గుర్తుందా? యూనివర్సిటీకి నీకు చెప్పకుండా దరఖాస్తు పెట్టానని నువ్వు నాతో మాట్లాడటం మానేశావు. "నీ పెట్టె నువ్వే చేసుకో, చదువుకున్నదానివిగా" అని కౌంటరు వైపు తిరిగి కూర్చున్నావు. నేను లైబ్రరీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, నీ వీపు చూస్తూ, చెక్క కోసుకున్నాను, తీగలు అతికించుకున్నాను. చేతులు కాల్చుకున్నాను, నువ్వు తల తిప్పలేదు. నాన్న తన పద్ధతి ప్రకారం నా పెట్టెను విడిగా తగిలించి విన్నాడు. "బాగుంది" అన్నాడు. "ఒక్కోదాన్ని విడిగా పరీక్షిస్తే ఏది చెడిందో తెలుస్తుంది" అనేవాడు కదా. ఏదీ చెడలేదు మరి. చెడింది నేనేనని మీరందరూ తేల్చేశారు.

పెట్టె పంపు. లేకపోతే నేనే వచ్చి నువ్వు దాని మీద కూర్చుని ఉండగా లాక్కుపోతాను.

చెల్లి


దుకాణం

పంతులమ్మా,

పెట్టె సరుకు బండిలో వేయించాను. అడుగున ఒక రబ్బరు కాలు ఊడింది, అట్టముక్క మడిచి పెట్టుకో. నాకిప్పుడు కూర్చోడానికి లేదు, నించుని పనిచేస్తున్నాను. సంతోషమా?

నీ పీహెచ్‌డీ గైడుకు నేను బాధ్యురాల్ని కాను.

అక్క


మూడో అంతస్తు, పెట్టెల మధ్య నేల మీద
వాన వెలిసింది

అక్కా,

కూర్చుని చదువు. కూర్చోడానికి లేకపోతే నించునే చదువు.

కొట్టాయన దగ్గర్నుంచి మూడొందల వాట్ల ఆంప్ ఒకటి వాయించి చూడటానికి తెచ్చుకున్నాను. పుస్తకమంత ఉంది, ఇంతదాంట్లో అంత శక్తా అనిపించింది. ముందు నా పెట్టె తగిలించాను. కింది తీగ మీటగానే పుస్తకాల అలమర తలుపు దానంతటదే తెరుచుకుంది. నీ పెట్టె తగిలించాను. కింది వాటాలోని ముసలాయన పైకొచ్చి, "ఏం పడిందమ్మా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ తరవాత రెండూ పక్కపక్కన పెట్టి, రెండూ కలిపి, మీటాను.

ఏమీ లేదు. తీగ మీద గోరు టక్కుమన్న చప్పుడు, సన్నగా ఒక ఝుంకారం. అంతే. ముసలాయన, "ఆపేశారా? మంచిది" అని దిగిపోయాడు. నేను ఆపలేదు. వాయిస్తూనే ఉన్నాను.

మొదట నా వేళ్ళ వంక చూసుకున్నాను. అదీ నువ్వు నాకు చేసింది. గదిలో ఒక యంత్రం, రెండు పెట్టెలు ఉండగా, ముందు నా చేతుల్ని అనుమానించాను.

తరవాత ఆంప్‌ను అనుమానించి, సంచీలో వేసుకుని కొట్టుకెళ్ళి పోట్లాడాను. "చెడిపోయింది అంటగడతారా?" అని అరిచాను. ఆయన తన పెట్టెకు తగిలించి చూపించాడు. గాజు బల్ల మీద వస్తువులన్నీ గంతులేశాయి. "మేడమ్, మీకు ఎవరి మీదో కోపంగా ఉన్నట్టుంది" అన్నాడు. క్షమించమని తెచ్చేసుకున్నాను.

ఇంటికొచ్చి రెండు పెట్టెల ముందరి జాలీలూ ఊడదీశాను. టార్చి బ్యాటరీ తీసుకుని, రెండింటికీ ప్లస్ కొన ఒకేవైపు ఉండేలా, ఒకదాని తరవాత ఒకదానికి ఆనించాను. నా స్పీకరులో అదిరే కాగితం ముందుకు పొంగింది. నీది లోపలికి పోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. నాది బయటికి, నీది లోపలికి.

అర్థమైందా? నా పెట్టె గాలిని ముందుకు తోసే క్షణంలో నీ పెట్టె గాలిని వెనక్కి లాగుతోంది. ఒకే తలుపును ఇద్దరు చెరోవైపు నుంచి తోస్తే ఇద్దరూ చెమటలు కక్కుతారు, తలుపు మాత్రం కదలదు. సన్న చప్పుళ్ళు ఎలాగో తప్పించుకుని బయటపడతాయి. కింది స్వరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. విడిగా ఏ పెట్టె అయినా ఉరుముతుంది. అందుకే నాన్న పరీక్షలో దొరకలేదు. నా పాదాల పక్కనే నా పెట్టె ఉంది కాబట్టి నాకు వినిపించింది. హాలుకు వినిపించలేదు.

వెనక చెక్క విప్పి చూశాను. స్పీకరు మీద ఎర్ర చుక్క ఉన్నచోట, అంటే ప్లస్ దగ్గర, ఎర్ర తీగ అతకాలి. నేను అలాగే అతికాను. నువ్వు నల్ల తీగ అతికావు. తీరిగ్గా, అందంగా, ఒక్క బొట్టు సీసం ఎక్కువ కాకుండా, తలకిందులుగా అతికావు.

మద్దెల నిజంగానే ఓడు అక్కా. ఆ మద్దెల నువ్వు చేసింది. ఆ పెద్దమనిషి ముందూ, ఆ వ్యాన్లోనూ, ఆ తరవాత నేను బేస్ ముట్టుకోని ఇన్నేళ్ళలోనూ, తప్పు నల్ల తీగది. నన్ను తిట్టిన నోటితో ఇప్పుడేమంటావో రాయి. తోటికోడలి ఎడమచేతికి కూడా చదివి వినిపించు.

చెల్లి


దుకాణం, నించుని

పంతులమ్మా,

నలుపు తప్పని నీకెవరు చెప్పారు? లైబ్రరీ పుస్తకమా?

మన దుకాణంలో నలుపే ప్లస్. నాన్న పెట్టిన మొదటి మైకుసెట్టు నుంచి నలుపే ప్లస్. ఆ మొదటి సెట్టు స్పీకర్లన్నిటికీ తిరగేసి అతికేశాడట. అన్నీ ఒకేలా తిరగేశాడు కాబట్టి ఎవరికీ ఏమీ తెలీలేదు. తరవాత తెలిసింది. మళ్ళీ అన్నీ విప్పడానికి బద్ధకం. "అందరూ ఒకే తప్పు చేస్తే దాన్నే పద్ధతంటారు" అన్నాడు. నా చేతికి సోల్డరింగ్ ఐరన్ ఇచ్చిన రోజు నాకు చెప్పిన మొదటి పాఠం అదే. ఈ దుకాణం నుంచి అద్దెకు వెళ్ళే ప్రతి స్పీకరూ అలాగే ఉంటుంది, ఈ రోజుకీ. నా పెట్టెను వాటిలో దేని పక్కనైనా పెట్టు, జోడెద్దుల్లా లాగుతాయి. నీ పెట్టె పెట్టు, పీనుగులా పడుంటుంది. ఎదురు తిరిగింది నీ పెట్టె. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

నీకెందుకు చెప్పలేదంటావు. నువ్వు అడిగావా? చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చున్నాను. "అక్కా, ఏ తీగ ఎక్కడ?" అని ఒక్క మాట. నోరు పెగలలేదు. నా వీపు చూశావట. వీపును అడిగినా చెప్పేదాన్ని.

నాన్న నీకెందుకు చెప్పలేదో నాకు తెలీదు. నీకు పుస్తకముంది కదా అనుకున్నాడేమో. నీ చేతికి ఐరన్ ఎప్పుడూ ఇవ్వలేదు, "దానికి చదువుంది" అనేవాడు. నాకు చదువు లేదని ఎవరు తేల్చారో నేనూ అడగలేదులే. ఆ రోజు నీ పెట్టె విని "బాగుంది" అన్నాడు చూడు, వెనక్కి తిరిగి కూర్చున్నా ఆ మాట నాకు వినబడింది. ఆ మాట నా పనిని ఒక్కసారీ అన్లేదు. చూసేవాడు, తలూపేవాడు, వెళ్ళిపోయేవాడు. ఇది నువ్వు నీ గైడు సంగతి రాశావని రాస్తున్నాను, లేకపోతే రాయను.

వ్యాన్లో అన్నది అన్నాను. నాకు వినిపించలేదు, అన్నాను. వినిపించనిదాన్ని వినిపించిందనమంటావా? చెవులు నావి. అబద్ధం చెప్పలేదు.

నీ పెట్టె తీగలు తిప్పి అతుకు. రెండు నిమిషాల పని. నాది ముట్టుకుంటే ఊరుకోను, అది దుకాణంలో మళ్ళీ దేనికీ జతపడకుండా పోతుంది.

తోటికోడలితో మాట్లాడాను. కుడిచేత్తో వాయిస్తే చాలన్నాను. ఎందుకని అడిగింది. ఎడమచేత్తో టీ తాగమన్నాను. ఇందుకని కోపం పోయిందనుకోకు. స్టూలు లేక నా కాళ్ళు వాచిపోయాయి.

అక్క


మూడో అంతస్తు
హాలుకు బయలుదేరే ముందు వారం

అక్కా,

ఆంప్ కొనేశాను. ఆ పుస్తకమంతదే, మూడొందల వాట్లది, నాలుగు ఓమ్‌లు తట్టుకుంటుంది. కొట్టాయన కొత్త పెట్టె కూడా చూపించబోయాడు. "పెట్టెలున్నాయి, వాటి మధ్య తగాదా ఉంది" అన్నాను. "అది మేం రిపేరు చెయ్యం మేడమ్" అన్నాడు.

నీ ఉత్తరం రాగానే మండిపడ్డాను. అడగాల్సింది నేనా! నువ్వు మాట్లాడటం మానేసి, నేను అడగలేదని నేరం మోపుతున్నావు. మనం పట్టిన ప్రతి కుందేలుకూ మూడే కాళ్ళు, ఇద్దరికీ. ఆ కోపంలోనే ఐరన్ వేడి చేశాను, నీ పెట్టె తిప్పేద్దామని. నల్ల తీగ దగ్గర పెట్టబోయి ఆగాను. అంత శుభ్రంగా అతికిన అతుకును కరిగించడానికి చెయ్యి రాలేదు. సరే, నాదే తిప్పుదామని ఇటు తిరిగాను. నా అతుకులు వికారంగా ఉన్నాయి, సీసం బొట్లు బొట్లుగా కారింది. ఒకచోట నా వేలు కాలిన మచ్చకు సరిగ్గా సరిపోయే గుంట ఉంది. నాన్న "బాగుంది" అన్నది దీన్నే. దీన్నీ కరిగించలేకపోయాను. ఐరన్ చల్లారిపోయింది.

పుస్తకం ప్రకారం నాది ఒప్పు. దుకాణం ప్రకారం నీది ఒప్పు. పక్కన రెండోది లేకపోతే ఏదీ తలకిందులు కాదు. పిల్లలకు వెతకమని చెప్పే మూడో కారణం ఇదే కాబోలు. ఇన్నేళ్ళు నా గదిలోనే ఉంది, నిఘంటువులు మోస్తూ.

ఇది తెలిస్తే తేలిక పడతాననుకున్నాను. పడలేదు. తప్పు నాది కాదని తెలిసింది, అందుకు నీకు చెప్పలేనంత సంతోషంగా ఉంది. తప్పు నీదీ కాదని తెలిసింది, అందుకు ఇంకా కోపంగా ఉంది. ఎవరి మీద అని అడగకు. తీగ మీద కోపగించుకోవడం నాకు చేతకాదు. నాన్న మీదా రాదు, ఆయన ఎప్పటిలాగే ఒక్కోదాన్ని విడిగా పరీక్షించాడు. మనల్ని కూడా అలాగే పెంచాడేమో.

రెండు పెట్టెలూ అలాగే, వెనక చెక్కలు విప్పే తెస్తున్నాను. నీ దాంట్లో కాలు ఊడినచోట కొత్త రబ్బరు వేయించాను, వాయించడం అయ్యాక నీ స్టూలు నువ్వు పట్టుకుపోవచ్చు. నీ ఐరన్ తీసుకురా, నాది మొండిది. ఇద్దరం ఒక పక్కనే కూర్చుని ఏదో ఒకటి తిప్పాలి. తిప్పకపోతే ఆ రేకుల హాలు మళ్ళీ నన్ను వినదు, ఈసారి తోటికోడలి ఎడమచేతిలో టీ గ్లాసు కూడా ఉంటుంది.

ఎవరిది తిప్పాలో మాత్రం నేను తేల్చుకోలేకపోయాను అక్కా. ఇప్పటికీ తేలలేదు.

చెల్లి